మూడో చెయ్యి

నాకు ముక్కు మీద కోపమని మా వాళ్ళంతా అంటారు. అననీ. ఈ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక తెల్ల టోపీ ఆయన నా నెత్తిన పెట్టి పోయాడు. ఆయన సంగతి చెప్తాను, విన్నాక మీరే చెప్పండి నేను కోప్పడాలో, అణిగిమణిగి కూర్చోవాలో.

డెబ్భైల్లో బెజవాడలో, బెంజ్ సర్కిల్ దాటాక, మా నాన్నకి మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది. ఇప్పుడక్కడ రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి గానీ, అప్పట్లో మా షెడ్డు వెనక గోడ దాటితే పొలాలే. పనిచేసేది నాన్న, అన్నయ్య, నేను. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చుంటే అమ్మకీ నాకూ పొద్దస్తమానం యుద్ధాలు జరుగుతున్నాయని నాన్నే నన్ను షెడ్డుకి తీసుకెళ్ళాడు. "ఇంట్లో అరిచే బదులు ఇక్కడ నట్లు బిగించవే" అన్నాడు. నెల తిరక్కుండా కార్బొరేటర్ విప్పి మళ్ళీ కూర్చడం వచ్చేసింది. ఆదివారం ఆరాధనకి వెళ్తే పాస్టరు గారి భార్య నా గోళ్ళలో మసి చూసి మొహం అదోలా పెట్టేది. పెట్టుకోమన్నాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. అప్పటి బళ్ళు చాలావాటికి పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి. ముందు పెట్రోలు పోసి, దాని మీద ఆయిల్ పోసి, మూత బిగించి, బండిని అటూ ఇటూ బాగా ఊపాలి. ఊపకపోతే ఆయిలంతా అడుక్కి దిగి, బండి నల్లటి పొగ కక్కి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అందుకని బంకులో ఎవరు ఆయిల్ పోయించుకున్నా సరే, పక్కన నిలబడ్డ మనిషి వచ్చి వెనక క్యారేజీ పట్టుకుని ఊపేవాడు. ముక్కూ మొహం తెలియనివాడైనా అంతే. పిలవక్కర్లేదు. మూత పడిందంటే చేతులు వాటంతటవే లేచేవి. మా కృష్ణా జిల్లా మొత్తానికి అదొక అలవాటు. మంచి అలవాటే, నేను కాదనను.

అన్నయ్యకి బండి తోలడమంటే పిచ్చి. మాటకి మాత్రం మెత్తన. నేను పది మాటలంటే అతను ఒకటి అనేవాడు, అదీ నవ్వుతూ. సామాన్ల పెట్టె మూత లోపల పత్రికల్లో వచ్చిన రేసు బొమ్మలు కత్తిరించి అంటించుకున్నాడు. మద్రాసులో పెద్ద రేసులు జరిగేవి. వాటిల్లో ఒక్కసారైనా తోలాలని ఉండేది అతనికి. ఆ మాట బయటికి అనేవాడు కాదు. స్పానర్ కోసం పెట్టె తెరిచినప్పుడల్లా ఆ బొమ్మల దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగేవాడు, అంతే.

ఒక వేసవిలో బెజవాడలో మోటారు సైకిళ్ళు అమ్మే షావుకారొకాయన రేసు పెడుతున్నానని చాటించాడు. గెలిచినవాణ్ణి తన టీములోకి తీసుకుని, తన బండి ఇచ్చి, మద్రాసు రేసులకి పంపిస్తాడట. పాతికేళ్ళు దాటినవాళ్ళు పనికిరారట. అన్నయ్యకి ఆ ఏడు దాటితే పాతిక దాటిపోతాయి. అంటే ఇదొక్కటే దారి. గెలిస్తే మద్రాసు, లేకపోతే జీవితాంతం ఈ షెడ్డులో జనం బళ్ళకి ప్లగ్గులు తుడవడమే.

అన్నయ్య ఆ మాట వినొచ్చిన రోజు అన్నం సరిగా తినలేదు. నాన్న అతని పళ్ళెంకేసి చూసి, "మన పాత బండిని విప్పుదాం రా" అన్నాడు. ముగ్గురం కలిసి ఆ బండిని ఎముకలదాకా విప్పి మళ్ళీ నిలబెట్టాం.

కంకిపాడు దాటాక ఒక రైసు మిల్లు, దాని చుట్టూ మిల్లు యజమాని పొలాలు. కోతలయిపోయి నేల రాయిలా ఎండి ఉంది. కాలవ కట్టేశారు, అందులో నీటి చుక్క లేదు, గట్టంతా దుమ్ము. గట్టు మీదుగా వెళ్ళి, పొలాల మధ్య బండిబాట పట్టి, మిల్లు ముందుకి వచ్చి మళ్ళీ గట్టెక్కాలి. మిల్లు ఆవరణలో రెండు తాళ్ళు కట్టి, మధ్యలో సున్నంతో గీతలు గీశారు. అదీ పిట్టు. రేసు సగంలో ప్రతివాడూ ఒకసారి అందులోకి వచ్చి పెట్రోలు పోయించుకుని తీరాలి.

ఆ పిట్టుకి పెద్ద మన తెల్ల టోపీ ఆయన. ఆ చుట్టుపక్కల ఆసామీ. మద్రాసు వెళ్ళి రేసులు చూసొచ్చాడు కాబట్టి రూల్సు తనకే తెలుసన్నట్టుండేవాడు. మాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి తన బండి మా నాన్న చేతే బాగుచేయించుకునేవాడు. "మీ నాన్న చెయ్యి పడితే చాలమ్మా, బండి గుర్రమైపోద్ది" అని నాతోనే అనేవాడు.

మైకు పట్టుకుని రూల్సు చదివాడు. సున్నం గీత దాటాక వేగం తగ్గించాలి. పిట్టులో ఒకణ్ణొకడు దాటకూడదు. ఇంజను ఆపి, తోలేవాడు దిగి పక్కన నిలబడాలి. పెట్రోలు రేసు పెట్టినవాళ్ళ పీపాలోంచే తీసుకోవాలి, ఆయిల్ ఆయన కళ్ళ ముందే పొయ్యాలి, ఎవరూ ఇంకేదీ కలపకుండా. చేతికి ఎర్ర పట్టీ కట్టుకున్న ఇద్దరే బండిని ముట్టుకోవాలి. మళ్ళీ బయల్దేరేటప్పుడు ఎవరూ తొయ్యకూడదు. ఏది తప్పినా ఒక నిమిషం జరిమానా, చివర్లో వాడి టైముకి కలిపేస్తారు.

ఎర్ర పట్టీల కోసం నాన్నా నేనూ వెళ్తే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడపిల్లకి పట్టీ ఏంటయ్యా? ఇంకెవరూ దొరకలేదా?" అని నాన్నని అడిగాడు.

"మా పిల్ల చెయ్యి నా చెయ్యంత నమ్మకం బాబూ" అన్నాడు నాన్న.

"సరే, నీ ఇష్టం. కానీ ఇదిగో, పిట్టులో కేకలెయ్యకూడదు. మూడో చెయ్యి పడిందా, జరిమానాయే. నా దగ్గర మొహమాటాల్లేవు."

నేను పళ్ళు బిగించి పట్టీ కట్టుకున్నాను. ఆ ఎండలో, ఆ దుమ్ములో, అన్నయ్య కోసం నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడమంటే మాటలు కాదు.

రేసు మొదలైంది. మిల్లు యజమాని కొడుకు కొత్త బండి మీద మొదట్లోనే ముందుకి పోయాడు. అన్నయ్య తొందరపడలేదు. గట్టు దిగే మలుపు దగ్గర అందరూ భయంతో బ్రేకు వేస్తుంటే, అన్నయ్య ఒక్క కాలు నేలకి తాకించి బండిని అలా వాల్చి దిగిపోయేవాడు. సగానికి వచ్చేసరికి ముందున్నది అతనే. జనం గట్టు పొడుగునా నిలబడి ఈలలు. నా గొంతు దాకా కేక వచ్చి ఆగింది.

పిట్టులోకి వచ్చాడు. గీత దగ్గర వేగం తగ్గించాడు, ఇంజను ఆపాడు, దిగి పక్కకి జరిగి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఒళ్ళంతా దుమ్ము, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. నాన్న పెట్రోలు పోశాడు. తెల్ల టోపీ ఆయన వంగి చూస్తుండగా నేను ఆయిల్ పోశాను. ఒక్క చుక్క బయటపడలేదు. నాన్న మూత బిగించి హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను ఆయిల్ డబ్బా కింద పెట్టి వెనక్కి వచ్చేలోపు క్యారేజీ మీద ఒక చెయ్యి పడి ఉంది. బండి ఊగుతోంది.

"ఊపు, ఊపు, బాగా కలవాలి" అంటున్నాడు తెల్ల టోపీ ఆయన. అవును, ఆయనే. ఆ ఊపే చెయ్యి ఆయనదే. బంకులో ఊపినట్టు, మా షెడ్డులో తన బండిని ఊపినట్టు, ఒక చేత్తో జెండా పట్టుకుని రెండో చేత్తో క్యారేజీ పట్టుకుని ఊపాడు. నేనూ పక్కన చెయ్యి వేశాను. మాకెవ్వరికీ ఏమీ అనిపించలేదు. అనిపించడానికి అందులో ఏముంది? మూత పడ్డాక బండి ఊపడం మనం ఊపిరి తీసుకున్నట్టు చేసే పని. అన్నయ్య ఎక్కి, ఒక్క తన్నుతో స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

గెలిచాడు. మిల్లు యజమాని కొడుకు గట్టు అవతలి మలుపులో ఉండగానే అన్నయ్య గీత దాటేశాడు. నాన్న నేల మీద కూలబడి, "ప్రభువా, ప్రభువా" అంటూ ఏడ్చాడు. నేను అప్పటిదాకా దాచుకున్న కేకలన్నీ ఒక్కసారి పెట్టాను. అన్నయ్య నా నెత్తి మీద మొట్టి, "ఇంక మద్రాసే" అన్నాడు. అతని నోటి వెంట ఆ ఊరి పేరు పైకి వినడం నాకదే మొదలు.

ఆ సంబరం మిల్లు వాళ్ళు ఫిర్యాదు పట్టుకొచ్చేదాకానే.

"పిట్టులో వీళ్ళ బండి మీద మూడో చెయ్యి పడింది. మావాళ్ళంతా చూశారు" అన్నారు.

షావుకారు తెల్ల టోపీ ఆయన్ని పిలిచి అడిగాడు. ఆయన ఒక క్షణం ఆలోచించాడు. నాకు ఇప్పటికీ ఆ మొహం కళ్ళకి కట్టినట్టుంది. తను చేసింది గుర్తుకొచ్చింది. ముందు తెల్లబోయాడు, తర్వాత నెమ్మదిగా ఆ మొహంలోకి ఒక వెలుగు వచ్చింది.

"పడిందండీ. ఆ చెయ్యి నాదే" అన్నాడు.

హమ్మయ్య, నిజం ఒప్పుకున్నాడు అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

"నాదే అయినా సరే, రూలు రూలే. ఇద్దరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని నేనే చదివాను. నా చెయ్యే గదా అని వదిలేస్తే రేపు నన్నెవరు నమ్ముతారు? నిమిషం కలపండి."

చుట్టూ జనం ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు! "అద్దీ, మనిషంటే ఆయన! తన తప్పు తనే ఒప్పుకున్నాడు!" అని మెచ్చుకున్నారు. షావుకారు ఆయన భుజం తట్టాడు. ఆయన టోపీ తీసి, వినయంగా నవ్వి, మళ్ళీ పెట్టుకున్నాడు.

నా ఒళ్ళు భగ్గుమంది. తాళ్ళు దాటి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మీ చెయ్యి మేం పిలిచామాండీ? మీరొచ్చి ఊపితే మాకు జరిమానా ఏంటి? చేసింది మీరైతే వేసుకోండి, మీరే వేసుకోండి ఆ నిమిషం!"

"ఎవరిదైతే ఏముందమ్మా? పడిందా, లేదా?"

"పడింది! మీదే పడింది!"

"చూశావా, నువ్వే ఒప్పుకున్నావు" అన్నాడు జనం వైపు తిరిగి. జనం నవ్వారు.

"పిల్లని అవతలికి తీసుకెళ్ళవయ్యా" అని షావుకారు నాన్నని కసిరాడు. నాన్న చేతులు జోడించాడు. "బాబూ, అబ్బాయి ఏ తప్పూ చెయ్యలేదు. తమరే చూశారు గదా. వాడికిది ఆఖరి అవకాశం బాబూ" అని బతిమాలాడు. మా నాన్న ఎవరి ముందూ చేతులు జోడించగా నేను చూడలేదు, చర్చిలో తప్ప. తెల్ల టోపీ ఆయన, "నాకూ బాధగానే ఉందయ్యా. కానీ ఏం చెయ్యను, ధర్మం!" అన్నాడు.

ఆయన ఎవరికో అమ్ముడుపోయాడని నేను అనడంలేదు. అలా అయితే నాకు ఇంత మంట ఉండేది కాదు, పాడు మనిషిలే అని ఊరుకునేదాన్ని. ఆయన నిజంగానే తను గొప్ప న్యాయం చేశాననుకున్నాడు. ఆ గొప్పకి అయిన ఖర్చంతా మా అన్నయ్యది. నష్టం తనకి రాలేదు కాబట్టి నిజాయితీ ఆయనకి అంత తేలిగ్గా వచ్చింది. నా కడుపు రగిలేది అక్కడ.

నిమిషం కలిపారు. అన్నయ్య రెండోవాడయ్యాడు. మిల్లు యజమాని కొడుకు మెళ్ళో దండ పడింది.

అన్నయ్య బండెక్కాడు. బెజవాడ దాకా బండి మెల్లగా నడిపాడు, వెనక నేను కూర్చుని దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. సంగతంతా విని, "ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి వెళ్తే ఇంతే అవుద్ది" అంది. ఆ రోజు అమ్మ మీద ఎంత అరిచానో నాకే తెలుసు. తర్వాత చూస్తే అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అన్నయ్య షెడ్డుకి వెళ్ళి పెట్టె మూత లోపలి బొమ్మలు ఒక్కొక్కటీ గోటితో గీకి తీసేశాడు. జిగురు మరకలు మాత్రం పోలేదు.

వానలు పడ్డాక ఒక రోజు తెల్ల టోపీ ఆయన మా షెడ్డుకి వచ్చాడు. సిగ్గూ ఎగ్గూ ఉంటే గదా! పెట్రోలు అయిపోయిందట, బండి నెట్టుకుంటూ వచ్చాడు. అంతకుముందే వచ్చి కూర్చున్న ఇంకో ఆసామీ పక్కన బల్ల మీద చతికిలబడి కబుర్లు మొదలుపెట్టాడు. ఏం కబుర్లు? ఆ రేసు కబుర్లే!

"రూలంటే రూలండీ. నా చెయ్యినే వదల్లేదు నేను. మద్రాసులో కూడా అంత కచ్చితంగా ఉండరు" అంటున్నాడు. అన్నయ్య వాళ్ళకి నాలుగడుగుల దూరంలో నేల మీద కూర్చుని ఒక బండి చైను బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

నాన్న ఏమీ ఎరగనట్టు డబ్బాలోంచి పెట్రోలు పోశాడు. ఆయిల్ పొయ్యమని నాకు సైగ చేశాడు. నేను పొయ్యనన్నట్టు చూశాను. "బండేం చేసిందే? పొయ్యి" అన్నాడు మెల్లగా. విసురుగా పోశాను. నాన్న మూత బిగించి హ్యాండిల్ పట్టుకున్నాడు. అంతే, కబుర్లు చెప్తున్న మనిషి మాట మధ్యలో లేచి వచ్చి క్యారేజీ పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. నోరు దాని పని అది చేసుకుంటోంది, చెయ్యి దాని పని అది.

ఊపడం అయింది. ఆయన బండెక్కి తన్నబోయాడు. అన్నయ్య వచ్చి తాళం తిప్పి, లాగి, గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఏంటబ్బాయ్?"

"మూడో చెయ్యి పడిందండీ. నిమిషం ఆగాలి" అన్నాడు అన్నయ్య.

"నా బండి మీద నా చెయ్యి వేసుకుంటే తప్పేంటయ్యా?"

"ఎవరిదైతే ఏముందండీ? పడిందా, లేదా?"

ముందు ఆయన నవ్వాడు. బల్ల మీద ఆసామీ కూడా నవ్వబోయి, అన్నయ్య మొహం చూసి మానేశాడు. "రేయ్, ఇచ్చెయ్యరా" అన్నాడు నాన్న. అన్నయ్య వినలేదు. గోడ గడియారంకేసి కూడా చూడలేదు, ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన నవ్వు పోయింది. నాన్నకేసి చూశాడు, నాకేసి చూశాడు, రోడ్డు మీద వానకేసి చూశాడు. టోపీ తీశాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది. 

నిమిషం అయ్యాక అన్నయ్య తాళం రెండు చేతులా అందించి, "వెళ్ళి రండి" అన్నాడు. ఆయన బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా షెడ్డు గుమ్మం తొక్కలేదు.

నాన్న పాత ఖాతాదారు పోయాడని ఆ పూటంతా సణిగాడు. నేను మాత్రం ఎగిరి గంతేశాను. "బాగా గడ్డి పెట్టావు అన్నయ్యా! ఇంకో పది నిమిషాలు నిలబెట్టాల్సింది" అన్నాను. అన్నయ్య చైను దగ్గరికి వెళ్ళి కూర్చుంటూ, "ఊరుకోవే. అయిపోయిందిగా" అన్నాడు.

ఎక్కడ అయిపోయింది? నిమిషం అవగానే ఆయన తన దారిన తను వెళ్ళిపోయాడు. మా అన్నయ్య ఆ షెడ్డులోనే ఉండిపోయాడు.